బొటనవ్రేలంత సైనికుడు

గత క్రిస్మసు పండుగకు పది దినములు ముందుగా, ఒక సాయంకాలమున, మా బెల్లంపల్లి సంఘమందలి వృద్ధ సహోదరుడొకడు మిఠాయి డబ్బా చేతబట్టుకొని మా యింటికి వచ్చెను. పండుగ సమీపించినది గదా, అరిసెలు తెచ్చెననుకొని నా భార్య సంతోషముతో ఎదురువెళ్లినది. ఆయన డబ్బాను ఆమె చేతికియ్యలేదు. నా బల్లమీద పెట్టి, "అయ్యగారూ, మీరు ముందుగాల ప్రార్థన చెయ్యుండ్రి. తర్వాత మూత తీస్త" అనెను.

ప్రార్థనయైన పిమ్మట మూత తీసెను. లోపల దూదిమీద పరుండబెట్టిన చిన్నచిన్న బొమ్మలు 19 ఉండెను. ఒక్కొక్కటి నా బొటనవ్రేలి పైకణుపంత పొడవు. 28 మిల్లీమీటర్లని తరువాత తెలిసికొంటిని. కవచము తొడిగిన సైనికులు కొందరు, ఈటె పట్టిన అస్థిపంజరములు కొన్ని, కోరలుగల పచ్చని రాక్షసుడొకడు, అన్నిటికంటె పెద్దదిగా రెక్కలు విప్పిన ఘటసర్పమొకటి. కొన్నిటికి రంగులు వేయబడియుండెను. కొన్ని ఇంకను బూడిదవర్ణపు ప్లాస్టిక్కుగానే యుండెను.

ఈ సహోదరుడు ముప్పదియేండ్లకు పైగా బొగ్గుబాయిలో పనిచేసినవాడు. తట్టాచెమ్మసుతో టబ్బులు నింపిన దినములు మొదలుకొని యంత్రములు వచ్చిన దినములవరకు చూచినవాడు. ఆయన ఒక్కగానొక్క కుమారుడు ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో ఒక కంప్యూటరు కంపెనీలో నాలుగేండ్లు పనిచేసి, ఉద్యోగము పోగొట్టుకొని, మూడు నెలలుగా యింటియొద్ద నుండెను. ఎవరితోను మాటలాడడు. రాత్రి తలుపు మూసికొని దీపము క్రింద ఈ బొమ్మలకు రంగులు వేయుచుండును.

"పొద్దుమూకి కూసుంటె రాత్రి మూడింటిదాక గిదే పని అయ్యగారు. వాళ్ల అవ్వ అన్నానికి పిలిస్తె పలుకడు. ప్రకటన గ్రంథంల ఘటసర్పమంటె సైతానే గదా? గది మా యింట్ల రెక్కలేసుకొని కూసున్నది. ముప్పై ఒకటో తారీఖు రాత్రి కూడికల అందరి ముందట కాలవెట్టుండ్రి" అని చెప్పి ఆయన కన్నీరు తుడుచుకొనెను.

నేను సరే యనబోతిని. మాట నోటివరకు వచ్చినది. ప్లాస్టిక్కు కాల్చిన పొగ బిడ్డలకెంత హానికరమో అనునంతటి చిన్న తెలివి కూడ ఆ క్షణమున నాకు లేదు. అయినను నన్ను మరియొక పొగ ఆపినది.

ఇరువదియేండ్ల క్రిందట, గోదావరి యొడ్డున ఒక పల్లెలో నేను కాపరిగా నున్నప్పుడు, బాప్తిస్మము పొందగోరిన యౌవనుడొకడు తన తండ్రి దప్పును నాయొద్దకు తెచ్చెను. జాతరలలో మ్రోగిన దప్పు గనుక దానినేమి చేయవలెనని అడుగవచ్చెను. అడుగవచ్చెను అను మాటను చదువరులు గమనింపవలెను. నేను ఒక్క ప్రశ్నయైన వేయక, కాల్చుమని చెప్పితిని. అతడు ఎదురాడక మందిరము ముందర దానిని కాల్చెను. తోలు కాలిన వాసన నాకింకను జ్ఞాపకమున్నది. రెండు మూడు ఆదివారములు ఆరాధనకు వచ్చి, అటుపిమ్మట అతడు మరల రాలేదు. నేడు మన కూడికలలోను ఊరేగింపులలోను అదే దప్పు దేవుని స్తుతికొరకు మ్రోగుచున్నది. దానిని వినినప్పుడెల్ల పాట నా నోట రాదు.

కాబట్టి వృద్ధ సహోదరునితో, "అన్నా, ముప్పదియొకటవ తేదీకి ఇంకను రెండు వారములున్నది. అంతవరకు డబ్బా నాయొద్దనే యుండనిమ్ము" అంటిని. ఆయన కొంత అసంతృప్తితోనే వెళ్లెను.

మరునాడు ఉదయముననే కుమారుడు వచ్చి గడపలో నిలిచెను. లోనికి రమ్మన్నను రాలేదు. "కాలవెడ్తరా అయ్యగారు?" అని మాత్రమడిగెను.

"నాకు తెలియదు, నాయనా. ఇవి ఏమిటో నేనెరుగను. ముందు నాకు నేర్పుము" అంటిని.

అతడు చాలసేపు నన్ను చూచి, నేను పరిహసించుటలేదని నిశ్చయించుకొనిన తరువాత, చెప్పులు విడిచెను.

ఆ విధముగా ఏబదియైదేండ్ల వయస్సున, రెండద్దముల కళ్లజోడుతో, నేను బొమ్మలకు రంగువేయు బడిలో చేరితిని. సెమినరీలో మాకు హెబ్రీయు గ్రీకును నేర్పిరిగాని కుంచె పట్టుట నేర్పలేదు. సందర్శనములు ముగించుకొని వచ్చిన పిమ్మట, సాయంకాలము ఏడు గంటలనుండి తొమ్మిది గంటలవరకు మా భోజనపుబల్లమీద పాఠము జరిగెడిది. రంగులు మన ఊరి బడిపిల్లల దుకాణములో దొరకు అక్రిలిక్ సీసాలే. కుంచెలు మాత్రము అతడు పట్నమునుండి తెచ్చుకొనినవి. నాకొరకు అతడు ఒక సామాన్య సైనికుని ఏర్పరచెను. చేతిలో కత్తి, భుజమున పైవస్త్రము, తలమీద లోహపు టోపీ, అంతే. ఘటసర్పము నాకియ్యలేదు.

మొదటి సాయంకాలమున రంగు ముట్టనియ్యలేదు. అచ్చు రెండు భాగములు కలిసినచోట ప్లాస్టిక్కుమీద సన్నని గీత నిలుచును. దానిని చాకుతో మెల్లగా గీకివేయవలెను. అచ్చునంటిన నూనె పోవునట్లు సబ్బునీటితో కడిగి ఆరబెట్టవలెను. బొమ్మను వ్రేళ్లతో పట్టుకొనరాదు గనుక మందుసీసా మూతమీద జిగురుతో నిలుపవలెను. తరువాత పెరటిలోనికి వెళ్లి నల్లని అడుగుపూత చిమ్మవలెను. ఆ నలుపు ఎందుకని అడిగితిని. "రంగు పట్టుకోవాలంటె ఏదన్న అడుగుండాలె అయ్యగారు. ఇంకోటి, మడతలల్ల మన కుంచె పోదు. ఆడ నలుపు మిగిలితె అదే నీడయితది" అనెను. నలుపు అనగా చెరిపివేయవలసినదే యని బొగ్గుపట్టణములో ఇన్నేండ్లు కాపురముండి నేననుకొనుచుంటిని.

రెండవ సాయంకాలమున నా స్వభావము బయటపడెను. పైవస్త్రమునకు ఎరుపు వేయుమనగా నేను సీసాలోని రంగునే కుంచెనిండ ముంచి ఒక్క పూతతో నలుపంతయు కప్పివేసితిని. చూచుటకు బహు బాగుగా నుండెను. ఆరిన తరువాత అతడు దీపము దగ్గరకు జరిపి చూపెను. శిల్పి చెక్కిన మడతలన్నియు పూడిపోయినవి. వస్త్రము వస్త్రమువలె గాక ఎర్రని ముద్దవలె నుండెను. "రంగు పాలలెక్కుండాలె, పెరుగులెక్క కాదు. నీళ్లు కలుపుండ్రి. ఒక పూతల నలుపు కనవడుతనే ఉంటది, కనవడనియ్యుండ్రి. ఆరినంక ఇంకోటి" అని అతడు చెప్పెను. నా పూతను కడిగివేయుటకు మరునాటి సాయంకాలమంతయు పట్టినది.

నాకిది కేవలము రంగు సంగతి కాదని చదువరులు గ్రహించియుందురు. ఒక కుటుంబములో కలహము పుట్టినది. కాపరి వచ్చి ఒక వాక్యము చదివి, ఇద్దరిచేత చేతులు కలిపించి, ప్రార్థించి, కాఫీ త్రాగి వెళ్లిపోవును. పైకి అంతయు ఎర్రగా మెరయుచుండును. ఆ యింటి మడతలలో ఏమున్నదో అది అక్కడనే పూడిపోవును. నేను ఎన్ని యిండ్లలో ఇట్టి పూత వేసితినో లెక్కించుటకు ధైర్యము చాలదు. పలుచని పూతకు ఓపిక కావలెను. మొదటి పూత వేసిన తరువాత పని వికారముగానే యుండును. వికారముగానున్న పనిని అట్లే విడిచి నిద్రపోవుట, మరునాడు మరల వచ్చుట, నాకు అలవాటులేని శిక్షణ.

ఇంకొక సంగతి. కుంచె మొన సూదిగా నుండుటకు నేను దానిని పెదవులమధ్య పెట్టి నొక్కితిని. అతడు నా చేయి పట్టుకొని ఆపి, ఒక కథ చెప్పెను. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమందలి ఆరెంజ్ పట్టణమున, 1917 మొదలు, చీకటిలో వెలుగు గడియారముల ముఖములకు రేడియము కలిపిన రంగువేయుటకు పడుచులను నియమించిరి. కుంచెను పెదవులతో సూదిచేయుమని వారికి నేర్పిరి. కొన్నియేండ్లకు దవడయెముకలు క్రుళ్లి అనేకులు చనిపోయిరి. అయిదుగురు స్త్రీలు న్యాయస్థానమునకెక్కగా 1928లో వారికి పరిహారమిచ్చి రాజీ చేసికొనిరి. ఈనాటి అక్రిలిక్ రంగులో ఆ విషము లేదు. అయినను ఏ రంగును నోటికి తగిలించవద్దని అతని నియమము. పనివాని దేహములోనికి పని ఏమి తీసికొనిపోవునో మన ఊరివారికి నేను వివరింపనక్కరలేదు. ఆదివారమున మన మందిరములో వెనుక వరుసలనుండి వినబడు దగ్గులే చాలును.

పాఠము నడుచుచుండగా పెద్దలలో కొందరికి ఈ సంగతి తెలిసెను. కాపరి బొమ్మలతో ఆడుకొనుచున్నాడను మాట బస్తీలో వ్యాపించుటకు ఎంతసేపు? ఇద్దరు పెద్దలు వచ్చి, రెండవ ఆజ్ఞ జ్ఞాపకమున్నదా యని నన్నడిగిరి. అడుగవలసిన ప్రశ్నయే. విగ్రహములను విడిచి వచ్చిన తాతల మనుమలము మనము. ఆ విడిచిపెట్టుటకు మనవారు చెల్లించిన వెల చిన్నది కాదు. కాబట్టి బొమ్మ కనబడగానే మన గుండె కొట్టుకొనుట తప్పుకాదు.

నేను వారికి సంఖ్యాకాండము 21వ అధ్యాయమును, రాజుల రెండవ గ్రంథము 18వ అధ్యాయమును ప్రక్కప్రక్కన చదివి వినిపించితిని. మోషే ఇత్తడి సర్పమును దేవుని మాటచొప్పుననే చేయించెను. దానిని చూచినవారు బ్రదికిరి. అనేక శతాబ్దములైన తరువాత హిజ్కియా రాజు అదే సర్పమును తుత్తునియలుగా కొట్టించెను. దేవుడు దానికిని సంతోషించెను. సర్పము మారలేదు, ఇత్తడి మారలేదు. మధ్యకాలమున జనులు దానికి ధూపము వేయ మొదలుపెట్టిరి. నిర్గమకాండము 31వ అధ్యాయములో చెక్కుటయందును లోహపుపనియందును నేర్పుగలవాడగునట్లు బెసలేలును దేవుడు తన ఆత్మతో నింపెను గదా. మెదక్ దేవాలయమునకు వెళ్లనివారు మనలో అరుదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ మందిరపు రంగుటద్దములలో ప్రభువు జననము, సిలువ, ఆరోహణము చిత్రింపబడియున్నవి. వాటిగుండ వచ్చు వెలుగును చూచితిమేగాని వాటికి మ్రొక్కినవారిని నేను చూడలేదు.

"అయితే ఈ అబ్బాయి ధూపం వెయ్యట్లేదంటరా?" అని ఒక పెద్ద అడిగెను. మంచి ప్రశ్న. ధూపమనగా సాంబ్రాణి పొగయే కానక్కరలేదు. తల్లి వడ్డించిన అన్నము చల్లారుచుండగా లేవకుండుట కూడ ధూపమే కావచ్చును. ఆ సంగతి నేను ఆ యౌవనునితో ఎదుటనే చెప్పితిని. ఆ బొమ్మల ఖరీదు తెలిసినప్పుడు అదియు నాకు నచ్చలేదు, అదియు చెప్పితిని. జీతము వచ్చుచున్నప్పుడు ఇంటికి పంపగా మిగిలినదానితో కొన్నాననియు, ఇప్పుడు కొనుట మానితిననియు అతడు ఉత్తరమిచ్చెను. అన్నము సంగతికి మాత్రము ఉత్తరమియ్యలేదు. మరునాటినుండి వాళ్ల అవ్వ పిలువగానే లేచుచున్నాడని తరువాత విన్నాను.

యుద్ధము సంగతి అంత సులభముగా తేలలేదు. ఈ బొమ్మలు అలంకారమునకు కావు, ఆటకు. బల్లమీద రెండు సేనలుగా నిలిపి, కొలబద్దతో దూరము కొలిచి, పాచికలు వేసి పోరాడింతురు. ఇట్టి ఆట మనకు క్రొత్తది కాదు. చతురంగము మన దేశమున పుట్టినదే. అందులోని గజములు, గుఱ్ఱములు, రథములు, బంట్లు సేన గాక మరేమి? 1824లో ప్రష్యా దేశపు సైనికాధికారి రైస్‌విట్జ్ అనునతడు పటముమీద దిమ్మలు కదుపు యుద్ధక్రీడను తన సేనానులకు చూపగా, వారు దానిని ఆటగా గాక యుద్ధమునకు పాఠశాలగా తీసికొనిరి. ఇంగ్లాండు రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అను చిన్న పుస్తకము ప్రకటించెను. సీసపు సైనికులను నేలమీద నిలిపి, స్ప్రింగుతో పేలు బొమ్మ ఫిరంగితో కొట్టు ఆట అది. ఈ చిన్న యుద్ధము ఆడినవానికి పెద్ద యుద్ధము ఎంత తెలివిమాలినదో తెలియునని ఆయన వాదము. మరుసటి సంవత్సరమే, 1914 ఆగస్టులో, పెద్ద యుద్ధము వచ్చెను. అదే వెల్స్ అది యుద్ధములనన్నిటిని అంతమొందించు యుద్ధమని వ్రాసి దానిని సమర్థించెను. అది అంతమొందించినదేమో మనకు తెలియును.

ఇక ఈ పచ్చని రాక్షసుల వంశము. వీరు చాలవరకు టోల్కీన్ అను ఆక్స్‌ఫర్డు పండితుని కథలనుండి వచ్చిరి. ఆయన భక్తిగల క్రైస్తవుడు. 1916లో సోమ్ యుద్ధభూమిలో నిలిచినవాడు. ఆయన పెద్ద కథ 1954-55లో వెలువడెను. వాటి ననుసరించి 1974లో అమెరికాలోను, 1983లో ఇంగ్లాండులోను ఈనాటి ఆటలు బయలుదేరెను. కాబట్టి ఈ బొమ్మలు సైతాను కార్ఖానాలో చేసినవని చెప్పలేను. యుద్ధమును ఆటగా చేయుటచేత యుద్ధమునందు అసహ్యము పుట్టునని కూడ చెప్పలేను. ఈ విషయమున నా మనస్సు ఇంకను ఇటునటు పోవుచున్నది. ఆ యౌవనునే అడిగితిని. "నేను ఆడింది తక్కువ అయ్యగారు. ఆడెటోళ్లు పట్నంల ఉన్నరు. నాకు రంగే ఇష్టం" అనెను.

పండుగ ముగిసిన మరుసటి సాయంకాలమున నా సైనికుని ముఖమునకు వచ్చితిమి. ముఖమనగా మినపగింజంత. అతడు నాకు సలహా చెప్పెను: మొదటి బొమ్మకు కన్నులు వేయవద్దు, చర్మపు రంగు వేసి, పలుచని గోధుమవర్ణపు నీరు పారనిచ్చి, అది కనుగుంటలలో నిలిచి ఆరిన తరువాత ముక్కుమీదను చెంపలమీదను కొంచెము లేతరంగు తాకించిన చాలును, చూచువాడే కన్నులున్నవనుకొనును. నేను వినలేదు. కన్నులు వేసెదనంటిని. ఊపిరి బిగపట్టి, రెండు మణికట్టులు బల్లకానించి, భూతద్దములోనుండి ఆ ముఖమును చూడసాగితిని. కుంచె తాకించుటకుముందు ఎంతసేపు చూచితినో తెలియదు. ఆ సైనికుడు కోపముగా నున్నాడని నేను వారము దినములనుండి అనుకొనుచుంటిని. చూడగా చూడగా వాని నోరు తెరచియుండుట కేక వేయుటకు కాదనియు, వాడు ఎంతో బడలియున్నాడనియు తోచెను. శిల్పి ఉద్దేశమేమో నేనెరుగను. అయితే చూడకముందు నేను వేయబోయిన రంగు వేరు, చూచిన తరువాత వేసినది వేరు.

అప్పుడు, కుంచె చేతిలో నుండగనే, ఆ గోదావరి యొడ్డు పల్లె నా జ్ఞాపకమునకు వచ్చెను. ఆ దప్పు నాకు స్పష్టముగా కనబడెను. దాని చెక్కచుట్టు ఒకచోట పగిలి ఇనుపతీగెతో కట్టబడియుండెను. తోలు నడుమ చేతి దెబ్బలకు నల్లబడియుండెను. ఆ యౌవనుని ముఖము మాత్రము నాకు ఎంత వెదకినను దొరకలేదు. గుండ్రముగా నుండెనా, కోలగా నుండెనా, మీసములుండెనా, ఏమియు జ్ఞాపకము లేదు. నేను దప్పునే చూచితిని.

చేయి వణకెను. ఒక కన్ను ప్రక్కకు జారినది.

అతడు నవ్వెను. నేను అతని నవ్వు వినుట అదే మొదటిసారి. నవ్వు ఆగిన తరువాత, తన బొమ్మమీదనుండి తలయెత్తకుండ, మాటలాడ మొదలుపెట్టెను. ఉద్యోగము పోయిన దినమును గూర్చి, బాడుగగదిలో ఒంటరిగా గడపిన రాత్రులను గూర్చి, చేతులు వణకని సమయము దినమున ఇదొక్కటేయని చెప్పెను. ఎదురెదురుగా కూర్చుండి అడిగియుంటినేని ఇవేవియు చెప్పియుండడు. ఇద్దరి కన్నులును చేతిపనిమీద నుండుటచేత మాట సులువైనది. అతడు చెప్పినవాటిలో ఒకటి నేనిచ్చట వ్రాయను. డబ్బా కాల్చియుంటినేని ఆ మాట నాకు తెలిసియుండెడిది కాదు. తెలిసిన సమయమునకు తెలిసినందుకు ప్రభువునకు స్తోత్రము. ఆ రాత్రి మేమిద్దరము చాలసేపు మోకాళ్లమీద నుంటిమి. మరుసటి సోమవారమున అతనిని వైద్యునియొద్దకు తీసికొనిపోవుటకు కూడ ఒప్పించితిని. ప్రార్థనయు మందును ఒకదానికొకటి పగవి కావు.

ఆ మాటలనడుమ నేనొకటి గమనించితిని. అతడు తన సైనికుని పైవస్త్రము లోపలివైపున, కాళ్లకును వస్త్రమునకును మధ్య, ఎవరికిని కనబడనిచోట కూడ నీడయు వెలుగును తీర్చుచుండెను. "అక్కడ ఎవరు చూచెదరు, నాయనా?" అంటిని. "నేను చూసిన గదా అయ్యగారు" అనెను. దేవుడు చూచునని నేను కలుపబోయి మానితిని. ఆ మాట అప్పటికే ఆ పనిలో నుండెను.

డిసెంబరు 30న వారి యింటికి వెళ్లితిని. గోడ అలమరలో బైబిలు ప్రక్కన కొయ్యచిలుక యొకటి యుండెను. నిర్మల్ చిలుక. నిర్మల్ మన పాత ఆదిలాబాదు జిల్లాలోనిదే. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోగా మనము మంచిర్యాల జిల్లాలోనికి వచ్చితిమి. నిమ్మనాయుడను పాలకుడు 17వ శతాబ్దమున పనివారిని అచ్చట నిలిపెనని చెప్పుదురు, వారిని నకాషీలందురు. పొనికి కర్ర తేలికైనది, మెత్తనిది. భాగములు వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతికి, సందులు పూడ్చి, నునుపుచేసి, అడుగుపూత వేసి, ఆరిన తరువాతనే రంగు ముట్టుదురు. ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. మా భోజనపుబల్లమీద ఇంగ్లాండు విద్యయని నేననుకొన్నది, క్రమము చూడగా, మన పొరుగు ఊరి విద్యయే.

"ఈ చిలుక ఎక్కడిది?" అని అడిగితిని. వృద్ధ సహోదరుడు తానే, కుమారునికి ఆరేండ్లప్పుడు, నిర్మల్ పోయినప్పుడు తెచ్చెనట. ముక్కుమీది రంగు ఊడిపోగా పదేండ్ల వయస్సున పిల్లవాడు అక్క గోళ్లరంగుతో దానిని దిద్దెనని తల్లి నవ్వుచు చెప్పెను. దగ్గరగా చూచితిని. ముక్కు ఒక్కటే వేరు ఎరుపు. అంచు దాటలేదు.

"అన్నా, ఇరువదియేండ్లుగా ఇది బైబిలు ప్రక్కన నున్నది. ఇది విగ్రహమా?" అంటిని.

ఆయన మాటలాడలేదు.

"బాయిలోనికి దిగినప్పుడు రూఫు కొట్టి చూడకుండ అడుగుపెట్టితివా?"

"ఎట్ల పెడ్త అయ్యగారు? గడ్డపారతోని కొట్టి ఇనాలె. ఖంగుమంటె పోవాలె. డొల్లగ మోగితె ఆగాలె. కొట్టి చూడనోడు నా ముందట్నే పోయిండు."

"నేనొకసారి కొట్టి చూడక పోయితిని" అని, దప్పు సంగతి ఆయనకు చెప్పితిని. ఈ సంగతి నేను మరియొకనికి చెప్పుట అదే మొదటిసారి. ఆయన నా ముఖమును చాలసేపు చూచెను.

తరువాత నేను జేబులోనుండి నా సైనికుని తీసి ఆయన అరచేతిలో పెట్టితిని. ఆయన కళ్లజోడు సరిచేసికొని, వాకిట వెలుగులోనికి వెళ్లి, అటునిటు త్రిప్పి చూచెను. "మీ సిపాయికి మెల్లకన్నున్నది" అనెను. ఒప్పుకొంటిని. ఇంకను చూచుచునే యుండెను. "కన్ను సంగతి కాదు గని, మొకం మీద వెలుగు తప్పు పడ్డది. మీరు అంతట ఒక్కతీరు తెల్లగ వెట్టిన్రు. మా బాయిల ఎదుటోని నెత్తిమీద దీపముంటది సూడుండ్రి, గప్పుడు మనకు ముక్కు, చెంపలు కనవడ్తయి. గడ్డం కింద నల్లగనే ఉంటది. గట్లుంటెనే మనిషి మొకం."

లోపలి గదిలో కుర్చీ జరిగిన చప్పుడైనది. కుమారుడు తలుపునొద్దకు వచ్చి నిలిచియుండెను. చేతిలో ఇంకను ముఖమునకు రంగువేయని సైనికుడొకడు, నల్లగా, సీసామూతమీద.

"ఏడ నల్లగుండాలె బాపూ?" అనెను.

ఆయన వ్రేలితో చూపుటకు ప్రయత్నించెను. వ్రేలు బొమ్మ తలకంటె పెద్దదిగా నుండెను. చీపురుపుల్ల యొకటి విరిచి తెమ్మని భార్యను కేకవేసెను.